ఇంటి కింద కారు: విల్లా సవోయ్ గ్రౌండ్ ఫ్లోర్ ఎవరిది?

గీతల_మేస్త్రి
అందరికీ నమస్కారం. ఇక్కడ మండువా ఇళ్ళ మీద, సున్నపు గోడల మీద మంచి చర్చలు జరిగాయి. కారు మీద మాత్రం ఎవరూ రాయలేదు. గత నూరేళ్ళలో ఇంటి ప్లాన్‌ని కారు మార్చినంతగా ఇంకే వస్తువూ మార్చలేదని నా నమ్మకం. ఆర్కిటెక్ట్‌గా రోజూ చూస్తున్న విషయం కాబట్టి నేనే మొదలుపెడుతున్నాను.

పది ఇళ్ళు చెప్పేకన్నా ఒక్కటే పట్టుకుంటాను. పారిస్‌కి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ప్వాసీ అనే ఊళ్ళో విల్లా సవోయ్ ఉంది. ఆర్కిటెక్ట్ లె కార్బూజియే, వరసకు తమ్ముడైన పియెర్ జానరేతో కలిసి 1928–31 మధ్య కట్టాడు. సవోయ్ దంపతులు ఉండేది పారిస్‌లో. వారాంతాలు గడపడానికి ఇది. అంటే ఈ ఇంటికి వచ్చేది కారులోనే అన్నది మొదటి రోజు నుంచీ ఖాయం.

ప్లాన్ చూడండి. పై అంతస్తు సన్నటి స్తంభాల మీద నిలబడిన తెల్లటి చదరం. కింది అంతస్తు దానికన్నా చిన్నది, లోపలికి జరిగి ఉంటుంది. ఒక పక్క వంపు తిరిగిన అద్దాల గోడ. కారు గేటు దాటి, స్తంభాల మధ్యలోంచి ఇంటి కిందికి వస్తుంది. వంపు వెంట తిరుగుతూ సరిగ్గా నడిమధ్యన గుమ్మం దగ్గర ఆగి, మనుషుల్ని దింపుతుంది. మళ్ళీ అదే ఊపులో ముందుకెళ్ళి ఏటవాలుగా గీసిన గ్యారేజీలోకి దూరుతుంది. మూడు కార్లు పడతాయి. కారు తిరగడానికి కనీసం ఎంత చోటు కావాలో దాన్ని బట్టే ఆ వంపు కొలత వచ్చిందని కార్బూజియేనే చెప్పుకున్నాడు.

నేను అడిగేది ఇదీ. ఒక ఇంటికి మొట్టమొదటి కొలత స్టీరింగ్ నుంచి వస్తే, ఆ తర్వాత ఆ ఇంట్లో మిగతావన్నీ ఎలా మారిపోతాయి? తెలిసినవాళ్ళు రాయండి.

కొలతబద్ద
మంచి చర్చ మొదలుపెట్టారు మేస్త్రి గారూ. కానీ మొదట్లోనే బ్రేక్ వేస్తున్నా.

స్తంభాల మీద ఇల్లు నిలబెట్టడానికి కారణం కారు కాదు. 1914లోనే కార్బూజియే డొమ్-ఇనో అని ఒక అస్థిపంజరం గీశాడు: ఆరు కాంక్రీటు స్తంభాలు, మూడు స్లాబులు, ఒక మెట్ల వరస. బరువు మోసే గోడలే లేవు. మొదటి ప్రపంచ యుద్ధంలో కూలిపోయిన ఇళ్ళని త్వరగా కట్టుకోవాలన్నది అప్పటి ఆలోచన. అందులో కారు ఊసే లేదు. తర్వాత పిలోటీల (ఇంటిని పైకెత్తి నిలబెట్టే ఆ స్తంభాల) గురించి వాదించినప్పుడు కూడా నేల తేమ, గాలి, వెలుతురు, ఇంటి కిందినుంచి సాగిపోయే తోట, వీటి గురించే ఎక్కువ మాట్లాడాడు.

ఇంకో సంగతి. బండి దిగి తడవకుండా గుమ్మంలోకి వెళ్ళడం కార్లతో పుట్టిన అలవాటు కాదు. పారిస్‌లో పెద్దింటివాళ్ళ పాత భవనాలన్నిటికీ గుర్రబ్బండి లోపలికి వచ్చేంత పెద్ద వాకిలి ఉండేది. మన జమీందారీ బంగళాల ముందు పోర్టికో కూడా అందుకే. విల్లా సవోయ్‌లో జరిగింది ఏమిటంటే, గుర్రం పోయి ఇంజను వచ్చింది. మర్యాద అదే, వాహనం మారింది. కారుకి మరీ ఎక్కువ పేరు కట్టబెడుతున్నామేమో.

మోటారు_మావయ్య
కొలతబద్ద గారూ, డొమ్-ఇనో సంగతి ఒప్పుకుంటాను. కానీ 1914కీ 1928కీ మధ్య ఆయన బుర్రలో కారు ఎంత చోటు ఆక్రమించిందో కూడా చూడాలి కదండీ.

1922లో పారిస్‌లో ప్రదర్శించిన సిట్రోహాన్ ఇల్లు తీసుకోండి. సిట్రోయెన్ కారు ఫ్యాక్టరీలోంచి ఎలా వస్తుందో ఇల్లూ అలాగే రావాలని ఆ పేరు పెట్టాడు. 1920లో గీసినప్పుడు అది నేల మీదే ఉంది. 1922కి వచ్చేసరికి స్తంభాల మీదికెక్కింది, కింద గ్యారేజీ వచ్చింది. ఆ మరుసటేడు వచ్చిన ఆయన పుస్తకంలో గ్రీకు గుడుల ఫొటోలు, కార్ల ఫొటోలు ఎదురెదురుగా వేశాడు. పైస్టుమ్ గుడి కింద 1907 నాటి హంబర్, పార్థినాన్ కింద 1921 నాటి డెలాజ్. ఒక నమూనా కుదిరాక దాన్ని తరతరాలుగా సానబట్టుకుంటూ పోతే పార్థినాన్ వచ్చింది, కారు కూడా ఆ దారిలోనే ఉంది, ఇల్లు మాత్రం ఇంకా నమూనా దగ్గరే ఆగిపోయింది అన్నది ఆయన వాదన.

1925లో పారిస్ నడిబొడ్డు పడగొట్టి 18 ఆకాశహర్మ్యాలు కట్టాలని ప్లాన్ వేసినప్పుడు డబ్బు కోసం వెళ్ళింది ఎవరి దగ్గరికి? కార్ల కంపెనీల దగ్గరికే. ప్యూజో, సిట్రోయెన్ ముందుకు రాలేదు. వాజాన్ ఒప్పుకుంది. అందుకే అది ప్లాన్ వాజాన్ అయింది. గాబ్రియేల్ వాజాన్ అంతకు ముందు విమానాలు చేసేవాడు, యుద్ధం అయ్యాక కార్లలోకి వచ్చాడు. కార్బూజియే నడిపింది కూడా వాజాన్ కారే. కట్టిన ఇళ్ళ ముందు దాన్ని నిలబెట్టి ఫొటోలు తీయించేవాడు. చివరికి 1936లో జానరేతో కలిసి ఒక చిన్న కారు డిజైన్ కూడా గీశాడు. అది తయారవలేదు, వేరే సంగతి.

కార్ల వాళ్ళకీ ఈ ఇళ్ళు కావాల్సి వచ్చాయి. 1927లో జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర వైసెన్‌హోఫ్ అనే కాలనీలో ఆయన రెండు ఇళ్ళు కట్టాడు. మరుసటేడు మెర్సిడెస్ వాళ్ళు ప్రకటన ఫొటోకి ఆ ఇంటి ముందే కారు పెట్టారు. పక్కన పొట్టి జుట్టు అమ్మాయి. ఇప్పుడు ఆ ఫొటో చూస్తే ఇల్లు నిన్న కట్టినట్టు ఉంటుంది, కారే పాతబడింది. నాలాంటి కార్ల పిచ్చోడు ఒప్పుకోవడం కష్టమే గానీ నిజం.

పారిస్_పద్మ
నేను అక్కడికి వెళ్ళాను కాబట్టి కంటితో చూసింది రాస్తాను.

పారిస్ నుంచి శివార్లకి పోయే ఆర్‌ఈఆర్ ఏ రైలు లైనుకి ఒక చివరి స్టేషన్ ప్వాసీ. అక్కడినుంచి గుట్ట మీదికి నడవచ్చు, బస్సూ ఉంది. గేటు దగ్గర తోటమాలికి కట్టిన చిన్న ఇల్లు. అదీ కార్బూజియే గీసిందే. అది దాటి చెట్ల మధ్య కంకర దారిలో వెళ్తే ఒక్కసారిగా గడ్డి మైదానం, మధ్యలో ఇల్లు.

ఫొటోల్లో తెలియనిది ఒకటి ఉంది. దారి మిమ్మల్ని తీసుకెళ్ళేది ఇంటి వెనక వైపుకి. గుమ్మం కనపడదు. నడిచి వెళ్ళేవాళ్ళకి ఇదేంటి, ఎటు వెళ్ళాలి అన్నట్టు ఉంటుంది. ఇంటి కింద స్తంభాల వరస వెంట పక్కనుంచి నడిచి, అవతలి వైపు వంపు తిరిగాకే తలుపు. కారులో వచ్చేవాళ్ళకి ఇది క్షణాల పని. నడిచేవాళ్ళకి ఇంటిని చుట్టి రావడమే. అక్కడ నిలబడితే మేస్త్రి గారు చెప్పిన విషయం కాళ్ళకే తెలుస్తుంది.

కింది అంతస్తు గోడలు ముదురు ఆకుపచ్చ. చెట్లలో కలిసిపోవాలని. దాంతో పైన తెల్ల పెట్టె ఒక్కటే తేలుతున్నట్టు కనిపిస్తుంది. తలుపు తీయగానే ఎదురుగా ర్యాంపు, పక్కన గుండ్రంగా తిరిగే మెట్లు. హాల్లోనే, గోడకి దూరంగా, ఒంటరిగా ఒక వాష్ బేసిన్. బయటినుంచి రాగానే చేతులు కడుక్కోవడానికి. మన ఇళ్ళల్లో కాళ్ళు కడుక్కోవడానికి వాకిట్లో గాబు ఉండేది చూడండి, అది గుర్తొచ్చి నేను అక్కడే కాసేపు నిలబడిపోయాను.

ఇక ర్యాంపు. మెట్లుండగా ర్యాంపు ఎందుకు అని అందరూ అడుగుతారు. నాకైతే ఎక్కుతుంటే అనిపించింది: కారు ప్రయాణం గుమ్మం దగ్గర ఆగిపోకూడదు అని ఆయన అనుకున్నాడు. అదే వాలులో, అడుగు తడబడకుండా మొదటి అంతస్తుకి, అక్కడినుంచి బయటి టెర్రస్ మీదుగా మిద్దె మీది తోట దాకా వెళ్ళిపోతాం. పైన గోడలో ఒక కన్నం, అందులోంచి లోయ కనిపిస్తుంది. పారిస్‌లో మొదలైన దారి అక్కడ ముగుస్తుంది.

అయితే ఇల్లు కురిసేది. ఇది కూడా చెప్పాలి. హాల్లో వాన పడుతోంది, ర్యాంపు మీద పడుతోంది, గ్యారేజీ గోడ పూర్తిగా నానిపోయింది అని సవోయ్ గారి భార్య 1936లో కార్బూజియేకి ఉత్తరం రాసింది. అంత పేరున్న ఇంట్లో ఉండి ఆవిడ పడిన అవస్థ తలుచుకుంటే బాధేస్తుంది. యుద్ధంలో మొదట జర్మన్లు, తర్వాత అమెరికన్లు అందులో దిగారు. ఆ తర్వాత కొన్నాళ్ళు గడ్డి దాచుకున్నారు. స్కూలు కోసం పడగొట్టబోతే ఆర్కిటెక్ట్‌లు గోల చేశారు, మంత్రి ఆంద్రె మాల్రో అడ్డుపడ్డాడు. 1965లో జాతీయ కట్టడం అయింది. 2016లో యునెస్కో జాబితాకెక్కింది.

చిన్నోడు_బీఆర్క్
పద్మక్కా, గ్యారేజీ ఇప్పుడు ఎలా ఉంది? లోపల కారు పెట్టారా?

పారిస్_పద్మ
నేను వెళ్ళినప్పుడు కారు లేదు తమ్ముడూ. గ్యారేజీ తలుపులు, వాటి ఏటవాలు మాత్రం బయటినుంచి స్పష్టంగా తెలుస్తాయి. స్తంభాలన్నీ నిలువు అడ్డం వరసల్లో ఉంటే గ్యారేజీ ఒక్కటే ఐమూలగా ఉంటుంది. కారు వంపు తిరిగి ఏ కోణంలో వస్తుందో అదే కోణం. డ్రాయింగ్ చూసుకో, స్తంభాల వరసతో అది ఎక్కడ పేచీ పెట్టుకుందో కనపడుతుంది.

మాడిసన్_తెలుగు
నేనుండేది అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్. మా ఊళ్ళోనే ఈ కథలో సగం ఉంది కాబట్టి అట్లాంటిక్ ఇటువైపు సంగతి నేను చెప్తాను.

అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గర కారు ఇంకా ముందే వచ్చింది. షికాగోలో రోబీ ఇల్లు, 1910లో పూర్తయింది. ఫ్రెడరిక్ రోబీది సైకిళ్ళ వ్యాపార కుటుంబం, కార్లంటే పిచ్చి. అప్పట్లో బండి, గుర్రం, కొట్టం అన్నీ పెరట్లో, ఇంటికి దూరంగా ఉండేవి. వాసన, ఈగలు. కార్లొచ్చాక కూడా పెట్రోలుకి నిప్పంటుకుంటుందన్న భయంతో షెడ్డు దూరంగానే వేసేవారు. రైట్ మూడు కార్ల గ్యారేజీని ఇంటికే అతికించాడు. రిపేరు చేసుకోవడానికి నేలలో గొయ్యి కూడా ఉంది. పాపం రోబీ కుటుంబం ఏడాది పైచిలుకు మాత్రమే ఉంది అందులో.

కానీ అది డబ్బున్నవాడి ఇల్లు. నాకు ఇష్టమైంది మా ఊరి జేకబ్స్ ఇల్లు, 1936–37. హెర్బర్ట్ జేకబ్స్ విలేఖరి. పెద్ద జీతం కాదు. 5,000 డాలర్లలో మంచి ఇల్లు కట్టగలరా అని వెళ్ళి అడిగారు భార్యాభర్తలు. రైట్ ఒప్పుకుని, ఆయన ఫీజుతో కలిపి 5,500లో కట్టించాడు. అంత తక్కువలో ఎలా అయింది? ఏది అక్కర్లేదో అది తీసేశాడు. సెల్లార్ దాదాపు లేదు. అటక లేదు. గదుల్ని వేడిచేసే రేడియేటర్లు లేవు, నేలలో పైపులు వేసి ఇల్లు వెచ్చబెట్టాడు. గ్యారేజీ కూడా తీసేశాడు. ఇంటి కప్పునే ముందుకి చాపి, కింద కారు పెట్టుకోమన్నాడు. తలుపుల్లేవు. గుర్రానికైతే కొట్టం కావాలి, కారుకెందుకు అన్నది ఆయన లాజిక్. నిజమే, 1930ల నాటి కార్లకి పైకప్పూ అద్దాలూ ఉన్నాయి, వాన తగలకుండా ఉంటే చాలు.

వీధిలోంచి చూస్తే ఆ ఇంటికి చెక్క గోడ, సన్నటి కిటికీల వరస, కారు చోటు. అంతే. అద్దాలన్నీ వెనక తోట వైపు. వీధికి వీపు పెట్టుకున్న ఇల్లు. సందడంతా కారు దగ్గర దిగి లోపలికి పోయాకే. అమెరికాలో ఆ తర్వాత కట్టిన లక్షల మధ్యతరగతి ఇళ్ళకి ఇదే మూలం అని నా అభిప్రాయం. రోబీ ఇల్లు, జేకబ్స్ ఇల్లు రెండూ 2019లో యునెస్కో జాబితాలో చేరాయి.

కొలతబద్ద
జేకబ్స్ ఇల్లు మంచి ఉదాహరణ. అక్కడ కారు ప్లాన్‌ని శాసించలేదు, ఖర్చు తగ్గించడానికి సాయపడింది. సవోయ్‌లో కారుకి మర్యాద, జేకబ్స్‌లో కారుకి ఒక చూరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

మోటారు_మావయ్య
లాస్ ఏంజెలెస్ మర్చిపోతున్నారు. ఆర్కిటెక్ట్ రిచర్డ్ న్యూట్రా కట్టిన లవెల్ ఇల్లు, 1929. కొండవాలు మీద ఉక్కు ఫ్రేము. రోడ్డు పైన ఉంటుంది కాబట్టి ఇంట్లోకి పై అంతస్తులోంచి దిగాలి. ఆ మెట్ల దగ్గర గోడలో దీపాలు ఏమిటో తెలుసా? ఫోర్డ్ కారు హెడ్‌లైట్లు! విడి భాగాలుగా దొరికే సామాను తెచ్చి ఇంట్లో బిగించాడు. కార్ల ఫ్యాక్టరీల ఊరు డెట్రాయిట్ నుంచి ఇల్లు నేర్చుకోవాల్సింది రూపం ఒక్కటే కాదు, చేసే పద్ధతి కూడా. ఫోర్డ్ మోడల్ టీ 1908లో 850 డాలర్లు. అసెంబ్లీ లైను వచ్చాక, 1920ల నడుమకి 300 లోపుకి దిగింది. ఇళ్ళు కట్టేవాళ్ళకి కన్నుకుట్టిందంటే కుట్టదా?

సన్నీవేల్_వాసి
మేం అద్దెకుంటున్నది ఐక్లర్ ఇల్లు. జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డరు 1949 నుంచి కాలిఫోర్నియాలో దాదాపు 11,000 కట్టాడు. ఒకప్పుడు రైట్ కట్టిన ఇంట్లో అద్దెకుండి, అదే చూసి ఈ వ్యాపారంలోకి వచ్చాడట. మా వీధుల్లో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, కాబట్టి ఇది దూరపు ముచ్చట కాదు నాకు.

ముందునుంచి చూస్తే మా ఇల్లు ఒక పొడవాటి చెక్క గోడ, దాని మీద వాలు తక్కువ కప్పు. నిలువు గాడులున్న అదే చెక్కని గ్యారేజీ తలుపు మీద కూడా వేశారు. కొత్తవాళ్ళకి తలుపేదో గోడేదో తెలియదు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు గేటు తీసి లోపలికి అడుగుపెట్టి ఆగిపోయింది. ఎందుకంటే లోపల ఆకాశం! నాలుగు వైపులా గదులు, మధ్యలో కప్పులేని చోటు. “ఇది మన మండువా కదరా” అంది. తులసి కుండీ అక్కడే పెట్టింది. చెప్పులు అక్కడే విడుస్తాం.

కానీ ఈ మండువా ఎందుకొచ్చిందో ఇప్పుడు ఈ చర్చ చదువుతుంటే అర్థమవుతోంది. వీధి వైపు ముఖమంతా కారే తీసేసుకుంది. వెలుగుకి, పూలకుండీకి, పిల్లలకి చోటు కావాలంటే ఇంటి మధ్యలో తవ్వుకోవాల్సి వచ్చింది. ఇబ్బందులు కూడా ఉన్నాయి: నేలలోని పైపులు పాడైతే పగలగొట్టాలి, ఒంటి పొర అద్దాలు కాబట్టి చలికాలం కరెంటు బిల్లు చూస్తే టెన్షన్. అయినా ఈ ఇంట్లో ఉన్నంత ప్రాణం, నా స్నేహితులుండే కొత్త ఇళ్ళలో నాకు కనిపించదు.

ఆ కొత్త ఇళ్ళలో రెండు కార్ల గ్యారేజీ ముందుకి పొడుచుకొస్తుంది, ముఖద్వారం పక్కకి నక్కుతుంది. ఇంట్లోవాళ్ళు రిమోట్ నొక్కి, గ్యారేజీలోంచి లాండ్రీ గది మీదుగా వంటింట్లోకి వస్తారు. గుమ్మానికి మామిడాకులు కట్టేది పండక్కి మాత్రమే. ఒరెగాన్‌లో పోర్ట్‌లాండ్ నగరం వాళ్ళు ఇది భరించలేక 1999లో రూలు పెట్టారు, వీధి వైపు ముఖంలో గ్యారేజీ సగానికి మించకూడదని. అది మంచి పని.

అరుగు_మీద
ఇంతసేపు చదివాను. అందరూ కారు గురించి రాశారు, కారు పక్కన ఎవరున్నారో ఎవరూ రాయలేదు. నాకు చరిత్రలో ఆసక్తి, అందుకే ప్లాన్లు వేరేగా చదువుతాను.

విల్లా సవోయ్ కింది అంతస్తు గదుల పేర్లు చదవండి. గ్యారేజీ. లాండ్రీ. పనమ్మాయిల గదులు. డ్రైవరు గది. యజమానులకి ఆ అంతస్తులో ఉన్నది హాలు, ర్యాంపు, ఆ వాష్ బేసిన్. అంటే దిగి, చేతులు కడుక్కుని, పైకి వెళ్ళిపోవడానికి. వెలుతురు, గాలి, తోట, మిద్దె, అన్నీ పైన. కొలతబద్ద గారు చెప్పిన పిలోటీల వాదన, తేమకి దూరంగా బతకాలి అన్నది, పై అంతస్తు వాళ్ళకే వర్తించింది. డ్రైవరూ పనమ్మాయిలూ ఆ తేమలోనే పడుకున్నారు.

ఇది ఒక్క ఇల్లు కాదు. రోబీ ఇంట్లో పనివాళ్ళ గదులు ఎక్కడ? గ్యారేజీ పైన. చెక్ దేశంలో బర్నో ఊళ్ళో మీస్ వాన్ డెర్ రోహె 1930లో పూర్తిచేసిన టుగెండ్‌హాట్ ఇల్లు, బటను నొక్కితే పెద్ద అద్దం కిటికీ మొత్తంగా నేలలోకి దిగిపోయే ఇల్లు. అక్కడ డ్రైవరు నివాసం గ్యారేజీని ఆనుకుని, విడి దారితో ఉంది. మూడు దేశాలు, ముగ్గురు గొప్ప ఆర్కిటెక్ట్‌లు, ఒకే అమరిక. కారు ఇంట్లోకి ఒంటరిగా రాలేదు, దాన్ని తుడిచే మనిషిని వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరికీ ఒకటే చోటు ఇచ్చారు.

జేకబ్స్ ఇల్లు ఇక్కడే వేరుగా నిలబడుతుంది. కారుకి తలుపుల్లేవు, ఇంట్లో పనివాళ్ళ గది లేదు. వంటిల్లు భోజనాల బల్ల పక్కనే తెరుచుకుని ఉంటుంది, ఎందుకంటే వండేది ఆ ఇంటావిడే. తన కారు తనే నడుపుకునే వాడికి కట్టిన ఇల్లు అది. ఆధునిక ఇల్లు అంటే నా దృష్టిలో విల్లా సవోయ్ కన్నా అదే ఎక్కువ ఆధునికం.

ఇక మన హైదరాబాదు అపార్ట్‌మెంట్ స్టిల్ట్ చూడండి. స్తంభాలు, కార్లు, బోరు మోటారు స్విచ్చి, కరెంటు మీటర్లు, మెట్ల కింద వాచ్‌మన్ కుటుంబానికి ఒక గది. ఆ గదికి కిటికీ ఉంటే దాని ఎదురుగా ఒక బంపరు. ఆ పిల్లలు హోంవర్కు చేసేది కార్ల మధ్య. దీన్ని మనం డిజైన్ అని కూడా అనుకోవడం లేదు, అందుకే దీని గురించి మాట్లాడటం లేదు.

కొలతబద్ద
అరుగు గారూ, మీ బాధ అర్థమైంది, కానీ పనివాళ్ళని కిందో పైనో దాచడం యూరప్‌లో కారుకి ముందే ఉంది. లండన్ ఇళ్ళలో సెల్లార్లో వంటిల్లు, పారిస్‌లో అటక మీద పనమ్మాయిల గదులు. నేరం కారు మీద మోపలేం.

అరుగు_మీద
కారు కొత్తగా కనిపెట్టిందని నేను అనలేదండి. స్తంభాల మీద ఇల్లు అన్నప్పుడు కార్బూజియే అన్నీ మొదటినుంచి ఆలోచిస్తానన్నాడు. గోడ, కిటికీ, కప్పు, అన్నిటినీ తిరగరాశాడు. ఈ ఒక్కటి మాత్రం పాతదే ఉంచేశాడు. నాకు అభ్యంతరం అక్కడే.

గీతల_మేస్త్రి
అరుగు గారు చెప్పింది నేను ఇన్నేళ్ళ డ్రాయింగుల్లో ఎక్కడా ఇంత సూటిగా చదవలేదు. ఒక చిన్న జోడింపు. మన స్టిల్ట్ కార్బూజియే దగ్గర నేర్చుకున్నది కాదు. మున్సిపల్ రూల్స్ నుంచి వచ్చింది. పార్కింగ్ తప్పనిసరి, స్టిల్ట్ ఎత్తుని భవనం ఎత్తులో కలపరు. కాబట్టి కార్లని కింద పెడితే అమ్ముకునే అంతస్తు పోదు. రూపం ఒకటే, పుట్టుక వేరు. సవోయ్‌లో కింద కారు తిరిగే దారి ఒక ఆనందంగా గీశారు. మన దగ్గర ఎన్ని కార్లు ఇరుకుతాయో లెక్కేసి స్తంభాలు పెడతారు. నేనూ పెట్టాను. మనిషి గుమ్మానికి నడిచే దారి ఆ లెక్కలో ఉండదు.

చండీగఢ్ గురించి కూడా ఒక్క మాట. 1951లో మన దేశంలో కారున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అయినా కార్బూజియే అక్కడ రోడ్లని వేగాన్ని బట్టి ఏడు రకాలుగా విడగొట్టాడు. 800 మీటర్లకి 1,200 మీటర్ల సెక్టార్లు, చుట్టూ వేగంగా పోయే రోడ్డు, దాని మీదికి ఏ ఇంటి గుమ్మమూ తెరుచుకోదు. విల్లా సవోయ్‌లో ఒక ఇంటికి చేసింది అక్కడ ఊరికి చేశాడు.

సివిల్_సుబ్బారావు
ఆలస్యంగా చూశాను. స్ట్రక్చరల్ ఇంజనీరుగా ఒక విషయం చెప్పకపోతే తప్పవుతుంది. ప్రాణాల మీదికొచ్చే విషయం.

పై అంతస్తుల్లో ఇటుక గోడలుంటాయి. అవి ఫ్రేముని బిగించి పట్టుకుంటాయి. కింద కార్ల కోసం గోడలు తీసేస్తే ఆ ఒక్క అంతస్తు మెత్తగా ఉంటుంది. భూమి ఊగినప్పుడు పైనదంతా ఒకే దిమ్మలా కదులుతుంది, వంగాల్సిన వంపంతా కింది స్తంభాల మీద పడుతుంది. స్తంభం తల దగ్గర, పాదం దగ్గర విరుగుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో అహ్మదాబాదు చూశాం కదా. భూకంప కేంద్రం నుంచి 200 కిలోమీటర్ల పైన దూరం. అయినా స్టిల్ట్ మీద కట్టిన అపార్ట్‌మెంట్లు కూలి జనం పోయారు. ఆ మరుసటేడు, 2002లో, వచ్చిన ఐఎస్ 1893 అనే మన భూకంప నిర్మాణ కోడ్‌లో స్పష్టంగా రాశారు (2016లో ఆ కోడ్‌ని సవరించారు): మెత్తటి అంతస్తు స్తంభాలని, దూలాలని మామూలు లెక్కకి రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చెయ్యాలి, లేదా కింద షియర్ వాల్స్ (పక్క ఊపుని తట్టుకునే కాంక్రీటు గోడలు) పెట్టాలి. ఎంతమంది పాటించారు? నా దగ్గరికి వచ్చే డ్రాయింగుల్లో కింద స్తంభం, పైన స్తంభం ఒకే సైజులో, ఒకే ఇనుముతో ఉండటం ఇప్పటికీ చూస్తున్నాను.

గుంటూరు_సైటు
చర్చ అద్భుతంగా ఉంది. ఇక్కడే అడగొచ్చా? గుంటూరులో తూర్పు ముఖం సైటు, 30 అడుగుల ముఖం, 50 లోతు. కింద పార్కింగ్, పైన రెండు అంతస్తులు అనుకున్నాం. మా నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. ఇది చదివాక కింద మొత్తం కారుకి వదలడం సరైనదా అని అనుమానం వచ్చింది. లిఫ్ట్ పెడితే సరిపోతుందా?

గీతల_మేస్త్రి
లిఫ్ట్ పెట్టుకోండి, కానీ నాన్నగారిని పైకి పంపకండి. సెట్‌బ్యాక్‌లు (సరిహద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) పోగా మీకు వెడల్పు దాదాపు 23 అడుగులు మిగులుతుంది అనుకుందాం. ఒక కారుకి 10 అడుగుల వెడల్పు, 18 లోతు చాలు. దాన్ని ముందు ఒక మూలకి పెట్టండి. మిగతా ముఖం గుమ్మానికి, కూర్చునేంత అరుగుకి వదలండి. వెనక నాన్నగారికి గది, బాత్రూము, పెరటి వైపు కిటికీ. కారు పక్కనుంచి ఒరుసుకుంటూ లోపలికి వెళ్ళే పరిస్థితి రాకూడదు. గేటు నుంచి గుమ్మానికి విడిగా నాలుగడుగుల దారి, మెట్లు కాకుండా చిన్న వాలు. రెండో కారు వస్తే ఏంటి అని మీ ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ కారు కోసం ఇప్పుడున్న మనిషి గది తీసేయకండి.

సివిల్_సుబ్బారావు
పైన చెప్పిన ప్లాన్‌తో ఇంకో లాభం ఉంది. కింద గది వస్తే గోడలు వస్తాయి, అంతస్తు పూర్తిగా మెత్తగా ఉండదు. కానీ గోడలన్నీ వెనకే ఉండి ముందు మూల ఖాళీగా ఉంటే భవనం మెలి తిరుగుతుంది. కాబట్టి కారు పక్కన రెండు వైపులా కనీసం ఒక్కో చిన్న షియర్ వాల్ అడగండి. 2002, 2016 కోడ్‌ల మ్యాపుల్లో గుంటూరు భూకంప జోన్ 3లో ఉంది, హైదరాబాదు అంతకన్నా తక్కువ ముప్పున్న జోన్ 2లో, హైదరాబాదు లెక్కలు తెచ్చి అక్కడ వేయనివ్వకండి. ఇంజనీరు స్తంభాల డ్రాయింగ్ ఇచ్చాక కింది అంతస్తు, పై అంతస్తు వివరాలు రెండూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.

గుంటూరు_సైటు
తప్పకుండా పెడతానండి. నాన్నగారికి ఆ అరుగు సంగతి చదివి వినిపించాను. పెరటి వైపు కిటికీ ఎంత ఎత్తులో పెట్టాలి, మంచం మీద కూర్చుంటే మొక్కలు కనపడతాయా అని అడగమన్నారు.

గీతల_మేస్త్రి
కనపడతాయి. కిటికీ అడుగు నేలకి రెండడుగుల్లోపు పెట్టించండి, గ్రిల్ బయటికి.